ఎర్ర కోక బొంత

26 ఫిబ్రవరి 1968, సోమవారం

శనివారం పొద్దున్న ఎలీసమ్మక్కని పాతిపెట్టారు. పెట్టె లేదు. చాపలో చుట్టి, గొయ్యిలో సున్నం పోసి, టీకా మచ్చలున్న నలుగురే మోశారు. ఇరవై ఏళ్లుగా ప్రతి కోత పండుగకీ చర్చి వేలంపాట కోసం బొంతలు కుట్టిచ్చిన మనిషి. ఆవిడ మీద కప్పడానికి ఒక్క బొంత పెట్టలేదు. పెట్టకూడదని హెల్త్ ఇన్‌స్పెక్టరు గట్టిగా చెప్పాడు. ఆయన చెప్పిందే సబబు. మసూచికం అంటే ఆటలు కాదు.

ఆయన పేటంతటికీ టీకాలు వేశాడు. ఆవిడ గదిలోని చాపా, బట్టలూ కాల్పించాడు. స్త్రీల సమాజం కార్యదర్శిని కనక నన్ను పిలిచి అడిగాడు, ఈవిడ మసూచికం ఉన్న ఇంటికి వెళ్లిందా, బయటి బట్టలేమైనా ముట్టుకుందా అని. ఆ రోగం బట్టల్లో నెలల తరబడి దాగుంటుందట. సోకిన మూడు నాలుగు రోజుల్లో టీకా పడితే మాత్రం చాలామంది గట్టెక్కుతారట.

"బొంతల బట్టలు నేనే పోగుచేస్తాను. అన్నీ ఉడకబెట్టే ఇస్తాను" అన్నాను.

మా పాస్టరు కృపానిధి అయ్యగారు వచ్చే నెల పదిహేడున జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ఎలీసమ్మక్క గురించి నాలుగు మాటలు నన్నే రాసి చదవమన్నారు. "ఆవిడ గురించి మీకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు పంతులమ్మగారూ" అన్నారు పాస్టరుగారు. సరేనన్నాను.

28 ఫిబ్రవరి

రాసుకోవలసినవి. పుట్టింది భావనపాడు. మొగుడు సముద్రంలో పోయాక అన్నగారి వెంట ఇటు శృంగవరపుకోట వైపు వచ్చి ప్రభువుని తెలుసుకుంది. వలలు బాగుచేసిన చేతులు. అక్షరం ముక్క రాదు. చర్చి వెనక గదిలో ఉండేది, తుడిచేది, గంట కొట్టేది.

బొంత కుట్టడంలో ఆవిడకి రెండు పట్టింపులుండేవి. ప్రతి గుడ్డా ఎవరిదో చెప్పాలి. ఆ ముక్క మీద కుట్టు నడిచినంతసేపూ ఆ ఇచ్చిన వాళ్ల కోసం ప్రార్థన చేసేది. "ఇది జగ్గమ్మ తల్లిది, ఇది సూరయ్య పెళ్లి పంచి" అని వేలితో చూపించేది. రెండోది, ఒక్కో వరస అవగానే బొంత ఎత్తి తన చెంపకి రాసుకునేది. ముడి ఎక్కడైనా గుచ్చుకుంటే విప్పేసి మళ్లీ కుట్టేది.

"పసిగుంటలు పడుకుంతారు పంతులమ్మా, ఆళ్ల బుగ్గకి గీరుకోకూడదు కాదేటి" అనేది.

దారం పళ్లతో తెంపేది. కత్తెర కొనిపెట్టాను, వాడలేదు. బతుకంతా సూది పట్టిన మనిషి టీకా సూదికి భయపడి, టీకాలవాడు వచ్చిన ప్రతిసారీ చర్చి బీరువా వెనక దాక్కునేది. మేమంతా నవ్వుకునేవాళ్లం. నేనూ నవ్వాను. ఇది కూడికలో చదవడానికి పనికిరాదు.

2 మార్చి

ఈ ఏటి బొంతల బట్టలు అప్పుడే ఉడకబెట్టాను. సోడా వేసి, పెద్ద అండాలో, రెండు వాయిలు ఉడకబెట్టాను.

4 మార్చి, సోమవారం

ఎర్ర కోకలు మాత్రం ఉడకబెట్టలేదు.

ఇది నా పుస్తకం, ఇంకెవరూ చదవరు, కాబట్టి రాసుకుంటే తప్పులేదు. జనవరి ఆఖర్లో శృంగవరపుకోట అవతలి ఊళ్లో లక్ష్మీనరసమ్మగారింటికి వెళ్లాను. రైతులు, కలిగిన వాళ్లు. ఆవిడ కూతురు పద్మకుమారి నా దగ్గరే చదువుకుంది. మసూచికంతో పోయి అప్పటికి మూడు వారాలు. గుమ్మానికి వేపమండలు ఇంకా వేలాడుతున్నాయి. పక్కింటివాళ్లు ఆ వాకిట్లోకి అడుగు పెట్టడం లేదు, అమ్మవారి ఇల్లని. నాకు అలాంటి భయాల్లేవు. వేపమండల్ని చూసి వణికిపోను, నేను చదువుకున్నదాన్ని, విశ్వాసిని. తలెత్తుకుని లోపలికి వెళ్లాను. ఎవరైనా చూస్తే మంచిదే, మనకి విగ్రహాల భయం లేదని తెలుస్తుంది అనుకున్నాను.

లక్ష్మీనరసమ్మగారు ఆ పిల్ల కోకలు మూడు మూట కట్టిచ్చింది. రెండు ఎరుపు, ఒకటి కుంకుమ రంగు. ఏడ్చింది. "ఉడకెట్టకండమ్మా. జొరంలో నా బొట్టి మంట మంట అని ఏడ్చి ఏడ్చి పోనాది. దాని కోకలు మల్లీ పొయ్యి మీద ఎట్టకండి" అంది. ఒక తల్లి అలా అడిగితే కాదని ఎలా అనను? మాట ఇచ్చాను. మాట నిలబెట్టుకున్నాను. అంతే జరిగింది.

ఎలీసమ్మక్క "ఈ ఎర్ర కోకలు ఎవలివి?" అని అడిగింది. కోటలో ఒక టీచరమ్మవని చెప్పాను. పోయిన పిల్లవంటే చేతులాడవని. పాపం, పన్నెండు రోజులు కూర్చుని ఆ లేని టీచరమ్మ కోసం ప్రార్థించింది.

5 మార్చి

ఆ బొంత ఎక్కడుందో నాకు తెలుసు. ఫిబ్రవరి పదకొండున వేలంపాటలో ఏసుదానం పాడుకున్నాడు. మా పేట వాడే, రైల్వేలో గ్యాంగుమేన్, కొత్తవలస క్వార్టర్సులో ఉంటాడు. కూతురు రాహేలుకి నెలలు నిండాయి. పుట్టబోయే బిడ్డకని ఎవరెంత పాడినా వదలకుండా పాడి, బొంత భుజాన వేసుకుని వెళ్లాడు. ఎలీసమ్మక్క అప్పటికే నడుం నొప్పి అంటూ గోడకి ఆనుకుని కూర్చుంది. అయినా నవ్వింది.

రాహేలుకి చిన్నప్పుడు బడిలో టీకా వేయించాను, గుర్తుంది. బిడ్డకి ఉండదు కదా.

ఒక్క వేలంపాట బొంత వల్ల ఏమీ కాదు. ఎలీసమ్మక్కకి ఎక్కడ సోకిందో ఎవరికి తెలుసు. సంతకి కూడా వెళ్లేది.

9 మార్చి, శనివారం

బడి అయ్యాక బస్సెక్కి కొత్తవలస వెళ్లాను. ముందే ఒక మాట అల్లుకున్నాను. బొంత అంచు ఒకచోట ఊడిందని, కుట్టి తెస్తానని.

ఏసుదానం వాకిట్లోనే ఎదురొచ్చాడు. "ఏటి పంతులమ్మగారూ, ఇంత దూరం వచ్చీసినారు! రండి, రండి. ఒసే రాహేలూ, ఎవలొచ్చినారో సూడు."

రాహేలు నిండు చూలాలు, గోడ పట్టుకుని నడుస్తోంది. కాఫీ ఇచ్చింది. బొంత మాట ఎత్తగానే ట్రంకు పెట్టె తెరిచి చూపించింది. మడత మీద మడత, పైన కలరా ఉండలు. ఆ ఎరుపు పెట్టెలోంచి ఒక్కసారి కళ్లల్లో పడింది. ముట్టుకోబోతుంటే రాహేలు మూత వేసేసింది.

"అంచు ఊడినా పర్నేదు పంతులమ్మగారూ. ఎలీసమ్మత్త కుట్టింది ఇంకొకల సేత ఇప్పించను. ఆవిడెలాగూ నేదు. ఇదొక్కటే మిగిలినాది మాకు" అంది.

"ఒక్క రోజులో తెచ్చిస్తాను" అన్నాను.

"వద్దండి" అంది. దణ్ణం పెట్టి మరీ వద్దంది.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఒక్క మాట. నోటి దాకా వచ్చింది. ఏసుదానం పక్కనే నిలబడి ఎలీసమ్మక్కని తలుచుకుని కండువాతో కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆ మొహం చూస్తూ ఎలా చెప్పను? బస్సుకి టైమైందని లేచి వచ్చేశాను. బిడ్డ పుట్టేలోగా మళ్లీ వెళ్తాను. ఇంకా వారం పది రోజులుందట.

13 మార్చి

రాహేలుకి నిన్న ఆడపిల్ల పుట్టింది. అయ్యగారు చెప్పారు. తల్లీ పిల్లా క్షేమం.

14 మార్చి

పురిటి స్నానం దాకా పాత మెత్తటి గుడ్డల్లోనే చుడతారు. పెట్టె తీయరు. టైముంది.

17 మార్చి, ఆదివారం

కూడిక అయింది. చర్చి నిండిపోయింది. నేను రాసుకున్నది చదివాను. వలలు, గంట, చెంపకి రాసుకోవడం. ఆడవాళ్లు వెక్కి వెక్కి ఏడ్చారు. బాగా రాశానని అయ్యగారు అన్నారు.

తర్వాత ఎవరైనా సాక్ష్యం చెప్తారా అని అడిగితే ఏసుదానం లేచాడు.

"నా మనవరాలికి ఎలీసమ్మ అనే పేరెట్టినాం. ఈయాల పొద్దున్నే తానం సేయించి, అత్త కుట్టిన బొంతలో పడుకోబెట్టినాం. గుంట ఎంత హాయిగా పడుకున్నాదో సూడాల. అత్త ఒళ్లో పడుకున్నట్టే ఉన్నాది" అన్నాడు. అందరూ దేవునికి స్తోత్రం అన్నారు.

నేనూ అన్నాను.

18 మార్చి

ఒకటో రోజు. పరీక్ష పేపర్లు దిద్దాలి. సెలవు దొరకదు.

19 మార్చి

రెండు. ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. కార్డు మీద రాస్తే పోస్టుమేన్ చదువుతాడు. కవరు లేదు.

20 మార్చి

మూడో రోజు. బస్సు దాకా వెళ్లాను. ఎక్కలేదు.

ఏమని చెప్పను? ఇరవై ఏళ్లు ఈ పిల్లలందరికీ అబద్ధం ఆడకూడదని బెత్తం పట్టుకుని చెప్పాను. ఇన్‌స్పెక్టరుకి అబద్ధం చెప్పానని తెలిస్తే ఉద్యోగం ఉంటుందా? పేటలో ఎవరి ఇంటి గడపన్నా తొక్కనిస్తారా?

21 మార్చి, గురువారం

నాలుగో రోజు సాయంత్రం అయ్యగారి దగ్గరికి వెళ్లాను. చెప్పేశాను. పద్మకుమారి కోకలు ఆ బొంతలో ఉన్నాయని చెప్పాను. ఆయన మొహంలో నెత్తురు లేదు.

"ఉడకబెట్టలేదా?" అన్నారు.

అప్పుడు నా నోట్లోంచి వచ్చింది ఇది. "నేను మూట ఎలీసమ్మక్కకే ఇచ్చి ఉడకబెట్టుకోమన్నాను. ఆవిడ మర్చిపోయినట్టుంది. పెద్దదయింది కదా."

అనుకుని అనలేదు. వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోలేదు.

23 మార్చి

అయ్యగారు నిన్న తెల్లారగానే ఇన్‌స్పెక్టరుని వెంటబెట్టుకుని కొత్తవలస వెళ్లారు. బొంత కాల్చారు. బిడ్డకి టీకా వేశారు. ఐదో రోజు. "ఆలస్యమైంది. చూద్దాం" అన్నాడట ఇన్‌స్పెక్టరు.

ఎంతైనా చెప్పాను కదా. చెప్పకుండా ఉండలేదు కదా.

24 మార్చి, ఆదివారం

ఆరాధన అయ్యాక బొంతలన్నీ బయటికి తెచ్చారు. ఇన్‌స్పెక్టరు అడగలేదు, జనమే తెచ్చారు. ఎలీసమ్మ బట్టలు ఉడకబెట్టకుండానే కుట్టేదట అని ఒకరు, ఎప్పుడూ అంతేనట అని ఇంకొకరు. నిన్న ఒక్కసారి మర్చిపోయినావిడ ఈ రోజుకి ఇరవై ఏళ్లూ మర్చిపోయినది అయింది. "టీకాకి దాక్కున్నప్పుడే తెలవాల. రోగం పెంచి పోషించినాది" అని ఎవరో అన్నారు. మొన్న కూడికలో వెక్కి వెక్కి ఏడ్చిన గొంతు అది.

చర్చి వెనక దిబ్బ మీద గుట్ట వేశారు. అయ్యగారు మంచం మీది బొంత తెచ్చి తనే పడేశారు. ఒక్కొక్కరూ పడేసే ముందు ఒకసారి విప్పి చూసుకుంటున్నారు, వాళ్ల వాళ్ల ఇళ్ల గుడ్డలు అందులో ఉన్నాయి కదా. తండ్రి పంచెలు, పోయిన కోడలి రవికలు, అమ్మల కోకలు.

ముసలి జగ్గమ్మ మాత్రం తన బొంతని చంకలో పెట్టుకుని దూరంగా నిలబడింది. తల్లి కోక అందులో ఉంది, తల్లిది మిగిలింది అదొక్కటే. "నాది పాతది, పదేళ్ల కిందటిది, దీనికేటీ నేదు, ఒగ్గీండి నన్ను" అని బతిమాలింది. అందరూ నా వైపు చూశారు, బట్టల సంగతి నాకు తెలుసని. నేను దగ్గరికి వెళ్లి ఆవిడ చేతుల్లోంచి తీసుకుని మంటలో వేశాను. ఇంకేం చెయ్యగలను? దానికేమీ లేదని నాకెలా తెలుసునని అడిగితే?

పాత నూలు చప్పున అంటుకుంది.

27 మార్చి

లక్ష్మీనరసమ్మగారు బడికి వచ్చింది. గేటు బయటే నిలబడి పిలిచింది.

"మా బొట్టి కోకలవల్ల ఇంత పని అయిపోనాదని ఇన్నాను. ఉడకెట్టి మరీ వాడండమ్మా అని రెండుసార్లు సెప్పినాను కాదా మీకు? సాకలోడే ముట్టుకోడానికి భయపడినాడు, సోడా ఏసి బాగా మరిగించండి అన్నాను. మర్సిపోనారేటి?"

"ఎలీసమ్మక్కకి చెప్పాను" అన్నాను.

ఆవిడ చాలాసేపు నా మొహంలోకి చూసింది. "ఓలమ్మా" అంది, అంతే. వెళ్లిపోయింది.

28 మార్చి

నాలుగో తారీఖున ఇక్కడ రాసింది అబద్ధం. లక్ష్మీనరసమ్మగారు ఉడకబెట్టొద్దని నన్ను వేడుకోలేదు. మంట మంట అని ఆ పిల్ల ఏడ్చిందన్నది కూడా నేనే కల్పించాను. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాసుకున్నాను. రెండు మూడు వారాలు దాన్నే నమ్మాను, ఆవిడ గొంతు కూడా వినిపించేది.

జరిగింది ఇది. కిందటేడు కోత పండుగకి విజయనగరం నుంచి వచ్చిన దొరసానమ్మ మా బొంతలు తిరగేసి చూసి, కుట్టు చక్కగా ఉంది కానీ రంగులు వెలిసిపోయాయి అంది. అందరి ముందూ అంది. ఏడాది పొడుగునా ఆ మాట నా చెవిలో ఉంది. ఏటా ఉడకబెడితే వెలవకేం చేస్తాయి? ఈసారి ఆ ఎరుపు చూడగానే నాకు ఆశ పుట్టింది. ఉడకబెడితే రంగు దిగిపోతుంది. చల్లనీళ్లలో ఒకసారి జాడించి, నీడలో ఆరేసి ఇచ్చాను. ఎలీసమ్మక్క "ఉడకబెట్టినారా పంతులమ్మా?" అని అడిగింది. "ఆ" అన్నాను.

ఆ మాట నమ్మి చెంపకి రాసుకుంది.

30 మార్చి

కొత్తవలసలో బిడ్డకి జ్వరం.

2 ఏప్రిల్

పొక్కులు లేచాయట.

5 ఏప్రిల్, శుక్రవారం

నిన్న పోయింది. ఇరవై మూడు రోజుల పిల్ల.

8 ఏప్రిల్, సోమవారం

కొత్తవలస వెళ్లాను. ఈసారి మాట ఏదీ అల్లుకోలేదు.

ఏసుదానం లోపల గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు, లేవలేదు. రాహేలు గుమ్మంలో కూర్చుంది. రవిక పాలతో తడిసి ఉంది. నేను కింద నేల మీద కూర్చుని మొదటి నుంచి చెప్పాను. లక్ష్మీనరసమ్మగారు ఉడకబెట్టమన్నది, నేను రంగు కోసం ఉడకబెట్టనిది, ఎలీసమ్మక్కకి ఉడకబెట్టానన్నది, తొమ్మిదో తారీఖున ట్రంకు పెట్టె ముందు నోరు మూసుకున్నది, పదిహేడున స్తోత్రం అన్నది, ఇరవై ఒకటిన చచ్చినావిడ మీదికి తోసింది.

రాహేలు నా వైపు తిరిగింది.

"పదేడో తారీకున సెప్పుంటే పిల్ల బతికుండేదా?"

"బతికేదేమో."

"ఏమో కాదు. సెప్పండి."

"బతికేది" అన్నాను.

లోపల ఏసుదానం ఏడుపు వినబడింది. రాహేలు ఏడవలేదు. "గుంటకి ఆ పేరు తీసీసి సిన్నమ్మడనేటోళ్లం. ఊపిరాడక ఎగదన్నుతుంటే కూడా అత్తనే తిట్టినాను నాను. ఈ నోటితోటే. ఏ దోషమూ నేని ఆవిడ్ని" అంది. తర్వాత, "ఈ పండగ ఆదివారం గుడిలో నిలబడి ఇదంతా సెప్పాల మీరు. ఒక్క మాట తగ్గించినా నానొచ్చి సెప్తాను. మరింక మా ఇంటికి రాకండి" అంది.

14 ఏప్రిల్, ఈస్టరు ఆదివారం

చెప్పాను. కాగితం రాసుకోలేదు. ఎక్కడా తగ్గించలేదు. రాహేలు వెనక వరసలో ఉంది. నేను చెప్పినంతసేపూ నన్నే చూసింది, అయిపోగానే లేచి వెళ్లిపోయింది.

నన్ను తిడతారనుకున్నాను, ఎవరూ తిట్టలేదు. అయ్యగారు తల దించుకుని ఉన్నారు. బయట గంట కొట్టే మనిషి లేదు కనక ఆరాధన ఎప్పుడు ముగిసిందో కూడా తెలియలేదు, జనం అలాగే కూర్చున్నారు.

జగ్గమ్మ కర్ర ఊతతో ముందుకి వచ్చింది. నా ముందు ఆగింది.

"పంతులమ్మా, నాకు సరిగ్గా ఇనపడదు, మల్లీ సెప్పు. ఆ ఒక్క ఎర్ర బొంతే నువ్వు ఉడకెట్టనిది. మిగతావి అన్నీ ఎలీసమ్మ బాగానే కుట్టినాది. అంతేనా?"

"అంతే."

"అయితే మా అమ్మ కోకకి ఏటీ నేదు."

"లేదు" అన్నాను.

"నీకది ఆ రోజే తెలుసు."

"తెలుసు."

జగ్గమ్మ తల ఊపింది. ఆ రోజు ఏ చేతుల్లోంచి నేను బొంత లాక్కున్నానో ఆ చేతులు ముందుకి చాచి, ఖాళీగా, ఒకసారి చూసుకుంది.